నల్ల కాగితం చింపినవాళ్లు

మేడం పోయారని కాజీపేట నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నాకు ముందు కోపమే వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

మాకు ఫిజిక్స్ చెప్పిన మేడం కణాల వెంట పడి బతికిన మనిషి. రైల్వే క్వార్టర్లలో పెరిగి, విదేశాల్లో పెద్ద పెద్ద యంత్రాల దగ్గర పనిచేసి, కావాలనే వరంగల్ వచ్చి మా కాలేజీలో చేరారు. ఆకాశం నుంచి నిత్యం మన మీద రాలే కణాలను పట్టడానికి మా చేతులతోనే ఒక యంత్రం కట్టించారు. కణం తాకితే ప్లాస్టిక్ పలక లోపల మిణుకుమంటుంది. పక్కనున్న గాజుగొట్టాలు ఆ మిణుకును పట్టుకుంటాయి. కరెంటు ఉండగా బయటి వెలుగు సోకితే గొట్టాలు పాడవుతాయి. అందుకే అంతా నల్ల కాగితంతో చుట్టి టేపు వేసేవాళ్లం. మేడం కత్తెర వెతికేవారు కాదు. టేపు పంటితో తెంపి, ముక్కలు వాచీ బెల్టుకు అంటించుకుని తిరిగేవారు. చర్చికి కూడా అలాగే వస్తుందని వాళ్ల తమ్ముడు వెక్కిరించేవాడు.

రీడింగ్ రాని రోజు ఎవరైనా ఏదో అంకె వేయబోతే ఊరుకునేవారు కాదు.

“కనబడకపోతే కనబడలేదని రాయి బిడ్డా. ఎందుకు కనబడలేదో గూడ రాయి” అనేవారు.

ఒకసారి కాలేజీకి తనిఖీ బృందం వస్తుందన్నారు. మేడం జ్వరంతో దవాఖానలో ఉన్నారు. ల్యాబులో ఆ నల్ల మూట ప్రిన్సిపాల్ కంటికి అశుభంగా కనబడింది. కరెంటు నడుస్తుండగానే కాగితమంతా చింపించి, పలకను తడిగుడ్డతో తుడిపించి, రిబ్బను కట్టించాడు. ఎంత మెరుస్తోందో అని మురిసిపోయాడు కూడా. గొట్టాలన్నీ పోయాయి. కొత్తవి కావాలని మేడం రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. కాలేజీవాళ్లు చూద్దాం అన్నారు. ఏం చూశారో దేవుడికే తెలియాలి.

సంతాప సభలో ఆ పలకను పెడుతున్నారని తెలిసి నల్ల కాగితం, టేపు సంచిలో వేసుకునే వెళ్లాను. ఇప్పుడు కాలేజీ కమిటీ పెద్దగా ఉన్న ఆ ప్రిన్సిపాలే మైకు పట్టుకుని, మేడం ఈ ల్యాబులో గొప్ప గొప్పవి కనిపెట్టి మనకు పేరు తెచ్చారన్నాడు. పక్కన బల్ల మీద పలక, దాని మీద బంతిపూల దండ. నా ఒళ్లు మండిపోయింది. వెళ్లి మైకు తీసుకున్నాను.

“మేడం ఈడ ఏం కనిపెట్టలే. ఎందుకు కనిపెట్టలేదో నేను చెప్త.”

రిబ్బను సంగతి మొత్తం చెప్పాను. కమిటీ పెద్దమనిషి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

దండ తీసేసి పలకకు నల్ల కాగితం చుట్టడం మొదలుపెట్టాను. వాళ్ల తమ్ముడు లేచి వచ్చి అంచు పట్టుకున్నాడు. నేను కత్తెర కోసం అటూ ఇటూ చూస్తుంటే, ఆ ముసలాయన నా చేతిలోని టేపు తీసుకుని పంటితో తెంపాడు.