గ్యుసిక్ మోచెయ్యి

మ్యోంగ్ గ్యుసిక్ అంటే నాకు కుళ్లు. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. వాడు హైస్కూల్లో నాకంటే రెండేళ్లు చిన్న, నా బ్యాగు మోసినవాడు. గుర్యోంగ్‌పో రేవులో వాళ్లమ్మ చేపలు ఎండబెట్టేది. వాడు బస్సెక్కితే ఆ వాసనకు పక్క సీటు ఖాళీ అయ్యేది. అలాంటివాడికి దేవుడు ఆ చెయ్యి ఎందుకిచ్చాడో!

పెద్ద బేస్‌బాల్ జట్టులో నేను రిలీఫ్ పిచర్‌ని. మొదట బంతి వేసేవాడు అలిసిపోయాక ఆట నిలబెట్టడం మా పని. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదోది నాది. మైదానం పక్కన బుల్‌పెన్‌లో చెయ్యి వేడి చేసుకోవడం, పిలవకపోతే మళ్లీ కూర్చోవడం, ఒక్కోరోజు మూడుసార్లు. అయినా నాది అనేది ఒకటుండేది కదా. గ్యుసిక్ వచ్చి దాన్నీ పట్టుకుపోయాడు, అదీ నేను నేర్పిన ఫోర్క్‌బాల్‌తోనే. రెండు వేళ్ల మధ్య బంతి ఎలా ఇరికించాలో నూడుల్స్ తింటూ నేనే చూపించాను. నా బంతి బ్యాట్ దగ్గర కాస్త కిందికి దిగేది. వాడిది అమాంతం పడిపోయేది.

"అంతా నీ దయే అన్నా" అనేవాడు, నా ఎదుట తాగకూడదని ముఖం పక్కకు తిప్పి సోజు తాగుతూ. ఆ మర్యాద చూస్తే ఇంకా ఒళ్లు మండేది.

ఆ ఏడు ఏప్రిల్, మే నెలలు బెంచీ మీదే గడిచాయి. నన్ను రెండో జట్టుకు పంపేస్తారని గుసగుసలు. జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్క పరుగు ముందున్నాం. బుల్‌పెన్ ఫోన్ మోగింది. ఓక్ కోచ్ ఎత్తి విని, "గ్యుసిక్, లేవరా" అన్నాడు.

"వాడి మోచెయ్యి బాగాలేదు కోచ్. స్నానాల గదిలో పట్టుకుని మూలుగుతుంటే చూశాను" అన్నాను.

పచ్చి అబద్ధం. నేనేమీ చూడలేదు.

"ఏరా, నిజమేనా?" అన్నాడు కోచ్.

గ్యుసిక్ నా వైపు చూశాడు. పెద్దవాడి మాట అబద్ధమని ముఖం మీద అనడం మాలో లేదు. తల దించుకుని, "కొంచెం నొప్పి ఉంది సార్" అన్నాడు. నా పరువు కాపాడుతున్నాడనుకున్నాను. అయినా సిగ్గేయలేదు. టోపీ సర్దుకుని మైదానంలోకి పరుగెత్తాను. వచ్చిన ముగ్గుర్నీ అవుట్ చేశాను.

మర్నాడు స్కానింగ్‌లో వాడి లిగమెంట్ సగం తెగి ఉందని తేలింది. ఇంకో పది బంతులు వేసుంటే పూర్తిగా పోయేదట. చోటు పోతుందన్న భయంతో రెండు నెలలుగా నొప్పి దాచుకున్నాడు. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నీ చోటు నేను లాక్కున్నా, నా మీద ఓ కన్నేసే ఉంచావు అన్నా!"

ఉంచాను. ఎలాంటి కన్నో వాడికేం తెలుసు?

ఆపరేషన్ అయ్యాక ఏడాదిన్నరకు తిరిగొచ్చి, మరో పన్నెండేళ్లు ఆడాడు. నన్ను మరుసటి ఏడే తీసేశారు. ఇప్పుడు అదే జట్టు బ్యాటర్లకు ప్రాక్టీసు బంతులు వేస్తున్నాను. వాళ్లు కొట్టడానికి వీలుగా వేయాలి, అదీ నా ఉద్యోగం. ప్రతి చలికాలం గ్యుసిక్ దగ్గర్నుంచి ఎండుచేపల పెట్టె వస్తుంది. "ఇంత మంచివాడి మీద ఏడుస్తారేంటి మీరు?" అంటుంది మా ఆవిడ. కుళ్లు సంగతి తెలుసుగానీ, అబద్ధం సంగతి ఆమెకూ తెలియదు.

కిందటి సెప్టెంబరులో వాడి వీడ్కోలు. నన్ను మైదానం మధ్యకు పిలిచి, మోచేతి కథ పదిహేను వేల మందికి చెప్పాడు. మోకాళ్ల మీద కూర్చుని, నుదురు మట్టికి ఆనించి నాకు దణ్ణం పెట్టాడు. ఎవరో మైకు నా చేతిలో పెట్టారు. నిజం చెబుదామనే నోరు తెరిచాను.

"నువ్వు నొప్పి దాచుకుంటే నాకు తెలియదనుకున్నావురా?" అన్నాను.

జనం మొత్తం చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డారు. పదకొండేళ్లు ఆడినా నా కోసం ఎన్నడూ లేవని జనం. ఆ చప్పట్లు కూడా వాడు పెట్టిన భిక్షే. అవి ఆగిపోతాయేమోనని భయపడుతూ నిలబడ్డాను.