ఎంగిలి సంచి

నా చిన్నప్పుడు, పదకొండేళ్ల వయసులో, మేము అమెరికాలోని ఎడిసన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. పక్కింటి ఆంటీవాళ్ల మామగారు ఆ ఏడాది ఆరు నెలలు ఉందామని ఇండియా నుంచి వచ్చారు. పిల్లలందరం ఆయన్ని తాతగారు అని పిలిచేవాళ్లం. ఆయన గురించి మావాళ్లు ముప్పై ఐదేళ్లుగా చెప్పుకుని నవ్వే కథ ఒకటుంది. అది అబద్ధం. పోయిన నెల దాకా ఆ సంగతి తెలిసి బతికున్నది నేనొక్కడినే.

తాతగారికి ఎంగిలి పట్టింపు ఎక్కువ. నీళ్ల సీసా పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునేవారు. ఎవరో కొరికిన బిస్కెట్ బల్ల మీద కనిపిస్తే లేచి వెళ్లిపోయేవారు. మేం కావాలనే ఆయన ఎదురుగా ఒకే ఐస్‌క్రీమ్‌ను ముగ్గురం నాకి, ఆయన మొహం చూసి నవ్వేవాళ్లం.

అక్టోబర్‌లో ఒక శనివారం నాలుగు కుటుంబాలు కలిసి రాలే ముందు ఎర్రబారే ఆకుల రంగులు చూడడానికి కొండల్లోకి వెళ్లాం. వారాల తరబడి కిటికీలోంచి పార్కింగ్ లాట్‌నే చూసిన మనిషి కదా, తాతగారు కారులో పదేపదే ఒకటే అడిగారు. "పైకెక్కితే లోయంతా కనిపిస్తుందటగా?"

ఎప్పటిలాగే ఆలస్యంగా బయల్దేరాం. సగం కొండ ఎక్కేసరికే అందరికీ ఆకలేసింది. ఒక పెద్ద బండ మీద దుప్పట్లు పరిచి, అల్యూమినియం ట్రేలు విప్పి, పులిహోర, మునక్కాయ సాంబారు, పెరుగన్నం తిన్నాం. కొండెక్కే కాలిబాట మీద చెత్తబుట్టలు ఉండవు. ఎవరి చెత్త వాళ్లు వెనక్కి తెచ్చుకోవాలి. అందరి ప్లేట్లూ వేసిన నల్ల సంచి మోసే పని మా నాన్న నాకు అప్పగించారు.

మళ్లీ పైకి నడుస్తుంటే అది కారసాగింది. పులిసిన పెరుగూ సాంబారూ కలిసిన జిడ్డునీళ్లు నా కొత్త తెల్ల బూట్ల మీద పడ్డాయి. సంచిని ఒంటికి దూరంగా పట్టుకుని నడిచాను. అందరికంటే వెనకబడి, ఒక మలుపు దగ్గర, ఎవరూ చూడట్లేదనుకుని సంచిని లోయవైపు విసిరేశాను. అది కొమ్మకి తగిలి చిరిగింది. అంత ఎర్రటి ఆకుల మీద తెల్లటి ప్లేట్లు, మెతుకులు, నమిలి ఉమ్మిన మునక్కాయ పిప్పి. అంత రోత దృశ్యం నేను మళ్లీ చూడలేదు.

వెనక్కి తిరిగితే తాతగారు. మోకాళ్ల నొప్పితో నాకంటే వెనక నడుస్తున్నారని నేను గమనించలేదు.

ఆయన తిట్టలేదు. పొదలు పట్టుకుని మెల్లగా కిందికి దిగి, ఆ పిప్పినీ ప్లేట్లనీ ఒట్టి చేతులతో ఏరడం మొదలుపెట్టారు.

"వచ్చి ఈ సంచి పట్టుకోరా."

"ఛీ, ఎంగిలి తాతగారూ!"

"ఎంగిలే. మనదేగా!"

నేను కదల్లేదు. అంతలో కుక్కతో నడుస్తూ ఒక అమెరికన్ జంట వచ్చింది. వాళ్లకి కనిపించింది చెత్త మధ్య ఒక ముసలాయన. మగమనిషి గట్టిగా అరిచాడు. తాతగారికి ఇంగ్లీషు అర్థం కాక నవ్వారు. ఆ నవ్వుతో అతని కోపం ఇంకా పెరిగింది. కేకలు విని ముందు వెళ్లినవాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"మామయ్యగారూ, ఎక్కడ పడితే అక్కడ పారేయడానికి ఇదేమన్నా మన ఊరి సెంటరా?" అంది ఆంటీ.

తాతగారు నావైపు ఒక్కసారి చూశారు. నేను చెట్లవైపు చూస్తున్నాను, రంగుల్ని ఆనందిస్తున్నవాడిలా.

"చెయ్యి జారిందమ్మా," అన్నారాయన.

ఆంటీవాళ్లాయన ఆ జంటకి పదిసార్లు సారీ చెప్పారు. మిగతా చెత్తంతా ఏరి, ఆ సిగ్గుతో అందరం అక్కడినుంచే వెనక్కి తిరిగాం. కారులో తాతగారి చేతుల వాసన వస్తోందని పిల్లలం ముక్కులు మూసుకున్నాం. నేనూ మూసుకున్నాను. అన్నిటికంటే నాకు అసహ్యం వేసేది అదే.

తాతగారు తిరిగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు, కొన్నేళ్లకి పోయారు. కథ మాత్రం ప్రతి పార్టీలోనూ బతికే ఉంది. పోయిన నెల ఆంటీ మనవడి పుట్టినరోజుకి వెళ్తే, డెబ్బై దాటిన ఆంటీ మళ్లీ మొదలుపెట్టింది. "మా మామగారు ఫాల్ కలర్స్ చూడ్డానికి వెళ్లి కొండంతా పెరుగన్నం చల్లొచ్చారు!" అందరూ నవ్వారు.

"ఆంటీ, ఆ సంచి విసిరింది నేను. ఆయన ఏరుతున్నారంతే."

"జోకులెయ్యకురా," అంది. నా మొహం చూశాక చేతిలోని ప్లేటు కింద పెట్టింది. అప్పుడంది, "ఇండియా వెళ్లేదాకా అడిగారురా, ఇంకొక్కసారి ఆ కొండ పైదాకా తీసుకెళ్లమని. పరువు తీశారని నేనే వద్దన్నాను. ఎక్కడికీ తీసుకెళ్లలేదు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

పిక్నిక్‌లకి వెళ్తే ఇప్పటికీ అందరి ఎంగిలి ప్లేట్లూ నేనే ఎత్తుతాను. చూసినవాళ్లు నేను చాలా మంచివాణ్ణంటారు. ఆ పొగడ్త వింటే నామీద నాకే రోత పుడుతుంది. చెత్త ఎత్తడం ఆ రోజే తాతగారిని చూసి నేర్చుకున్నాను. చెత్త వేసింది నేనని చెప్పడానికి, ఆయన ఆ కొండ పైకెక్కే వీలు ఎప్పటికీ లేకుండా పోయేదాకా ఆగాను.