బుర్సాలో మజ్జిగన్నం

మా వీధి చివర ఉండే లెక్చరరు గారు రిటైరయ్యాక దేశాలు తిరుగుతున్నారు. వచ్చే నెల టర్కీ ప్రయాణమట, నిన్న పొద్దున్న గేటు దగ్గర నిలబెట్టి, "మీరు వెళ్ళొచ్చారు కదండీ, అక్కడ మనం తినదగ్గవి ఏంటండి?" అని అడిగారు. నాలుగు పేర్లు చెప్పి పంపించేశాను గానీ, ఆ తరవాత రోజంతా నా మనసు బుర్సా అనే ఊళ్ళోనే తిరుగుతూ ఉండిపోయింది.

మేం వెళ్ళేనాటికి మా అన్నయ్యకు కరోనా తగ్గి ఏడాది దాటింది. ఆ జ్వరం పోతూపోతూ ఆయన నాలుకకున్న రుచినీ ముక్కుకున్న వాసననీ పట్టుకుపోయింది. ఎవరికైనా అది ఇబ్బందే, మా అన్నయ్యకైతే బతుకుతెరువే పోయినట్టు. ఆయన జీవితమంతా బియ్యం వ్యాపారమే చేశాడు. గుప్పెడు బియ్యం వాసన చూసి, నాలుగు గింజలు పంటి కింద నలిపి, ఇవి పాతవో కొత్తవో, తడిసి ఆరినవో చెప్పాడంటే మిల్లువాళ్ళు మారు మాట్లాడేవారు కాదు. ఇంట్లోనూ అదే తీరు. కూరలో అల్లం పిసరంత ఎక్కువైనా తీర్పు వచ్చేసేది, మా వదిన కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ తీర్పులు వింటూనే వండింది. అలాంటి మనిషి జ్వరం తగ్గాక దేనికీ వంక పెట్టడం మానేశాడు. కొట్టుకి వెళ్ళడమూ మానేశాడు. ఏది పెట్టినా బావుందనేవాడు. చుట్టాలు, ఎంత మెత్తబడ్డాడో అని మెచ్చుకునేవారు గానీ, నాకు మాత్రం ఆ మంచితనం చూస్తే భయం వేసేది.

కొత్త తిండి తగిలితే నాలుక మేలుకుంటుందేమోనని ఒక పిచ్చి ఆశ పుట్టి, భీమవరం నుంచి బయల్దేరే ఒక టూరు బృందంలో ఇద్దరి పేర్లూ రాయించాను. మనవాళ్ళ టూర్ల సంగతి మన వయసువాళ్ళకి చెప్పనక్కర్లేదు. ముప్ఫైమందిమి వెళితే ముప్ఫై డబ్బాల ఆవకాయ, గోంగూర పచ్చడి, వాటికి తోడు సొంత వంటవాడు. ఇస్తాంబుల్లో ఉన్నన్నాళ్ళూ సాంబారే తాగాం. బుర్సా చేరిన రోజు వాన పట్టుకుంది. బృందమంతా పప్పుచారు కోసం హోటల్లో కూర్చుంటే నేను అన్నయ్యను గొడుగు కిందకి లాక్కుని బయటపడ్డాను.

ఊరంతా కొండ వాలు మీద ఉంది. మన వానలా మీదపడి బాదే వాన కాదు, సన్నగా, తీరిగ్గా, అయిపోవాలన్న తొందర లేకుండా కురుస్తోంది. రాళ్ళు పరిచిన సందుల్లో జారకుండా ఒకరి భుజం ఒకరం పట్టుకుని నడుస్తూ, గుమ్మటాల పాత మసీదు ఒకటి కనిపిస్తే అందులోకి వెళ్ళాం. లోపల నడిమధ్యన నీళ్ళ కొలను, సరిగ్గా దాని పైన కప్పుకి గాజు పలకలు, వాటి మీద వాన. అన్నయ్య ఆ నీళ్ళు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. అక్కణ్ణుంచి, ఒకప్పుడు పట్టుగూళ్ళు అమ్మిన పాత సత్రానికి పోయి, నడుము సన్నగా ఉన్న గాజు గ్లాసుల్లో పాలు లేని టీ తాగాం. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. బావుందన్నాడు. బండి మీద కాల్చిన చెస్ట్‌నట్లు కొన్నాం, నాకు అచ్చం కాల్చిన పనసగింజలు తిన్నట్టే ఉంది. అవీ బావున్నాయన్నాడు. నువ్వుల ముద్ద పూసిన రొట్టె, పైన సలసల కాగిన వెన్న పోసిన మాంసం, అన్నింటికీ అదే మాట, అదే గొంతు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి ఒక చిన్న హోటల్లో, శనగలు వేసి వండిన అన్నం తిందామని కూర్చున్నాం. దానితో పాటు గ్లాసుల్లో తెల్లగా నురగతో మజ్జిగ తెచ్చిపెట్టారు, అయ్రాన్ అంటారట. గోదావరి జిల్లా వాళ్ళకి అన్నమూ మజ్జిగా ఒక్కచోట కనిపిస్తే ఇంకేం చేస్తారు? రెండు కంచాల్లోనూ గ్లాసులు గుమ్మరించి, అలవాటు కొద్దీ ఉప్పు చల్లి, చేత్తో కలిపేశాను. వడ్డించే పెద్దాయన కళ్ళప్పగించి చూసి, పరుగున రెండు చెంచాలు తెచ్చి పక్కన పెట్టాడు. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, ఆ మజ్జిగలో ముందే ఉప్పుంటుందని. ఉప్పు కషాయమే. మింగలేక తంటాలు పడుతుండగా అన్నయ్య కూడా ఒక ముద్ద తిని, కంచం పక్కకి తోసి, చిరాగ్గా, "ఏంట్రా ఈ ఉప్పు! బుద్ధుందా నీకు?" అన్నాడు.

అన్ని నెలల తరవాత ఆయన నోట వచ్చిన మొదటి వంక అది. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. వానలోకి పరిగెత్తి వదినకు ఫోన్ చేశాను. ఆవిడ అటునుంచి "అలాగా" అని ఫోన్ పెట్టేసింది, సంతోషం పట్టలేక అనుకున్నాను.

ఇంటికొచ్చాక వంకలు మళ్ళీ మొదలయ్యాయి. కొట్టుకి మాత్రం వెళ్ళలేదు, వయసైపోయిందన్నాడు, నేనూ నమ్మాను. ఈ మధ్య ఒకరోజు వాళ్ళింటికి వెళ్తే వంటింట్లో పాలు మాడి ఇల్లంతా కమురు వాసన. పక్కనే కుర్చీలో అన్నయ్య హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. పొయ్యి ఆర్పి, పెరట్లోంచి పరుగున వచ్చిన వదిన వంక చూశాను.

"రుచీ వాసనా ఎప్పుడొచ్చాయి గనకండీ," అంది ఆవిడ మెల్లిగా. "ఆ రోజు ఆ ఊళ్ళో మజ్జిగన్నం తిని మీరు మొహం అదోలా పెట్టారంట, అది చూసి ఉప్పన్నారంట. ‘నాల్రోజుల్నుంచీ తమ్ముడు నా మొహమే చూస్తున్నాడు పాపం, ఎంతకని ఏడిపించనూ’ అన్నారండి."

నాకు తెలిసిపోయిందని అన్నయ్యకు చెప్పలేదు. పూర్వం మన ఇళ్ళలో భోజనానికి కూర్చుంటే మాటలుండేవి, వంకలుండేవి, అలకలుండేవి. ఇప్పుడు అందరం అన్నీ బావున్నాయంటూ ఫోన్లు చూసుకుంటూ లేచిపోతున్నాం. ఆయనొక్కడే మొదటి ముద్ద నేను తినేదాకా ఆగి, నా ముఖం వంక చూస్తాడు. నేను పులుపుకి కళ్ళు మూసుకుంటాను, కారానికి నోరు తెరుస్తాను, ఆయనకి బాగా కనపడేలాగ.