రత్తయ్యగారి సీటు

విజయవాడ ఆటోనగర్‌లో కారు సీట్లు కుట్టే మేస్త్రులు ఎందరున్నా, చౌడయ్య పనికి వంక పెట్టే మొనగాడు ఒక్కడే. ఆ మొనగాడు చౌడయ్యే. కుట్టింది తనకు నచ్చకపోతే బ్లేడు పెట్టి పర్రున కోసి మళ్ళీ మొదలెట్టేవాడు. "అంత లోపల ఎవడు చూస్తాడయ్యా?" అని ఎవరైనా అంటే, "నేను చూశానుగా, చాలదూ?" అని కసిరేవాడు. అరవై నాలుగేళ్ళొచ్చినా తగ్గని పొగరు. ఆ పొగరే చివరికి ఆయన కొంప ముంచింది.

పుట్టింది పెడనలో, మగ్గాల ఇంట్లో. తండ్రి నేస్తుంటే పక్కన కూర్చుని తెగిన పోగులు ముడేస్తూ పెరిగాడు. నేతకి గిరాకీ పడిపోయాక, పద్దెనిమిదో ఏట బెజవాడ వచ్చి సీట్ల షెడ్డులో చేరాడు. పోగు తెలిసిన చెయ్యి కదా, రెక్జిను కూడా ఆయన మాట విన్నది. భార్య చౌడేశ్వరి అప్పుడప్పుడూ షెడ్డుకి క్యారేజీ తెచ్చి, కొత్తగా కుట్టిన సీటు మీద కూర్చుని, "అబ్బే, అరుగు మీద కూర్చున్నట్టుందయ్యా" అని ఏడిపించేది. ఇంకెవరన్నా అలా అంటే తన్నులాటే.

ఆవిడ పోయి ఐదేళ్ళు. పదకొండో రోజున పెద్దవాళ్ళు, పోయిన మనిషి పడుకున్న పరుపు ఇంట్లో ఉండకూడదంటూ తీసుకెళ్ళి కాలవ గట్టున పారేశారు. చౌడయ్య గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. పరుపు కోసం ఏడుస్తున్నాడని నలుగురూ నవ్వుతారని మింగేశాడు. ఆ బాధ పడ్డవాడు, అవతలివాళ్ళ విషయంలో తనే అలాంటి పని చేస్తాడని ఎవరనుకుంటారు చెప్పండి!

మొన్న వేసవిలో సింధూరి అనే అమ్మాయి ఒక పాత మారుతి కారుని లారీ మీద షెడ్డుకి పంపించింది. బెంజ్ సర్కిల్ దగ్గర బ్యాంకులో పని చేస్తుంది. కారు వాళ్ళ నాన్న రత్తయ్యగారిది. ఆయన పామర్రు దగ్గర వ్యవసాయం చేసేవారు, పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచీ తల్లి వెంకటరత్నమ్మ కూతురి ఫ్లాట్‌లోనే ఉంటోంది, కారేమో కింద సెల్లారులో ఉంటోంది.

"ఎలకలు లోపలంతా కొరికేశాయండీ మేస్త్రిగారూ. షోరూమ్ నుంచి తెచ్చిన రోజు ఎలా ఉందో అలా కావాలి. అమ్మకి చెప్పలేదు. ఊళ్ళో పెళ్ళికెళ్ళింది, తిరిగొచ్చేసరికి చూపిద్దామని."

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా. మీ అమ్మగారే గుర్తుపట్టలేరు చూడండి," అన్నాడు చౌడయ్య.

పాత బండికి కొత్త సామాను దొరకదు, అలాంటిదే ఇంకో బండి వెతికి అందులోంచి పీకాలి. పాత బండ్లు విప్పే యేసుబాబు దగ్గర సరిగ్గా అదే ఏడాది బండి దొరికింది. వెనకనుంచి ఎవడో గుద్దేశాడు గానీ, లోపల డ్యాష్‌బోర్డు, తలుపుల అట్టలు, సీట్లు చెక్కు చెదరలేదు. యేసుబాబుది ఒకటే షరతు: పాతది పెట్టి మంచిది పట్టుకుపో. విప్పిన బండిని ఇనుము కింద తూకానికి అమ్ముకుంటాడు, బరువు తగ్గకూడదు కదా.

చౌడయ్య వారం రోజులు ఆ పని మీదే కూర్చున్నాడు. రత్తయ్యగారి కారులో డ్రైవరు సీటు కుంగి గుంటపడి ఉంది. ఆ గుంట చూడగానే ఆయనకి చిరాకేసింది. "ఛీ ఛీ, గేదె పడుకున్న మడుగులా ఉంది. ఇదీ ఒక సీటేనా!" అని, రెండోసారి చూడనైనా చూడకుండా దాన్ని తీసుకెళ్ళి యేసుబాబు బండిలో పడేశాడు. మంచి సీటు తెచ్చి, కవరు కొత్తగా కుట్టి బిగించాడు. ఒక్క ముడత లేదు.

ఆదివారం కారు అప్పజెప్పడానికి తనే వెళ్ళాడు. వెంకటరత్నమ్మ కూతురి వెంట సెల్లారులోకి వచ్చింది. ఎడమవైపు తలుపు తీసి కూర్చుంది. కూర్చోగానే, అలవాటుగా కాబోలు, కుడి అరచెయ్యి డ్రైవరు సీటు మీద పెట్టింది. ఆ చెయ్యి అక్కడే కొయ్యబారిపోయింది.

"ఆ సీటేదమ్మా?" అంది కూతురితో.

"మార్పించానమ్మా. బావుందా?"

ఆవిడ గొల్లుమంది. ఆ ఏడుపుకి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఇరవయ్యారేళ్ళు రత్తయ్యగారు కూర్చుని కూర్చుని పడిన గుంట అది. రోజూ మధ్యాహ్నం కూతురు బ్యాంకుకి వెళ్ళాక, ఆవిడ కిందికొచ్చి కారులో ఎడమవైపు కూర్చుని, ఆ గుంటలో చెయ్యి పెట్టుకుని గంటసేపు ఆయనతో మాట్లాడుకుని పైకి వెళ్తుందట. కూతురికి తెలీదు. చెబితే పిచ్చనుకుంటుందని చెప్పలేదట.

చౌడయ్యకి కాలవ గట్టున పడేసిన పరుపు కళ్ళముందు మెదిలింది. "నేను తెస్తానమ్మా," అన్నాడు ఎలాగో. "ఎక్కడున్నా తెచ్చి మళ్ళీ బిగిస్తాను. ఏడవకండి."

"మీకు పుణ్యముంటుంది అన్నయ్యగారూ," అని ఆవిడ చేతులు జోడించింది.

యేసుబాబు ఆ డొక్కుబండిని అప్పటికే హనుమాన్ జంక్షన్ ఇనప సామాన్ల యార్డుకి పంపేశాడు. చౌడయ్య బస్సెక్కి పరిగెత్తాడు. యార్డువాడు కళ్ళజోడు సర్దుకుని, ఓ మూల చూపించాడు. "సీట్లా? నిన్ననే చీల్చేశామండీ. స్ప్రింగులు ఇనుములోకి పోయాయి. స్పాంజి అదిగో, కాల్చేశాం."

అక్కడ నల్లటి బూడిద తప్ప ఏమీ లేదు. చౌడయ్య దాన్ని చెప్పు కొసతో కదిపి చూశాడు. ఏం దొరుకుతుందనుకున్నాడో ఆయనకే తెలియదు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వెంకటరత్నమ్మ. "అన్నయ్యగారూ, దొరికిందాండీ?"

ఆ గొంతులో ఆశ విని, చౌడయ్య పాడునోరు "దొరికిందమ్మా" అనేసింది. ఆవిడ అవతల ఆనందంతో ఏడ్చేసింది. ఇంక వెనక్కి తీసుకునే దారేదీ? "స్ప్రింగు ఒకటి తెగింది, బాగుచేసి గురువారం తెస్తాను," అని ఇంకో అబద్ధం అతికించాడు.

తిరిగొచ్చి యేసుబాబుకి చెప్పుకున్నాడు. "బాబాయ్, అలాంటి పాత సీటు ఇంకోటుంది, పట్టుకెళ్ళి గుంట చెయ్యి. నీకు చేతకాని పనా?" అన్నాడు వాడు తేలిగ్గా.

చేశాడు. స్ప్రింగులు వదులు చేశాడు, స్పాంజి గీకి పల్చన చేశాడు. అయినా అది చేత్తో చేసినట్టే కనిపిస్తోంది. మనిషి బరువు పడితే గానీ అసలు గుంట రాదని ఆయనకి తెలుసు. అందుకని నాలుగు రోజులు ఆ సీటుని మిషను ముందు వేసుకుని, దాని మీదే కూర్చుని కుట్టాడు. అన్నం కూడా దాని మీదే. చేస్తున్నది మోసమని తెలుసు. తెలిసీ, నాలుగో రోజున చేత్తో తడిమి చూసుకుని, బాగా కుదిరిందని మురిసిపోయాడు. పని మీద గర్వం అంత చెడ్డది.

గురువారం సీటు బిగిస్తుంటే వెంకటరత్నమ్మ పక్కనే నిలబడింది. తలకి నూనె రాసి దువ్వుకుంది, మంచి చీర కట్టుకుంది. పైన వంట చేశాను, భోంచేసి వెళ్ళాలి అంది. బిగించడం అయ్యాక కారులో కూర్చుని, కళ్ళు మూసుకుని అరచెయ్యి పెట్టింది.

ఆ గుంటంతా ఒకసారి తడిమింది. తర్వాత చెయ్యి మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, మా ఆయన మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని కుడివైపు ఒరిగి కూర్చునేవారండీ. ఇది ఎడమకి ఒరిగింది."

చౌడయ్య తల దించుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన కుట్టు మిషను ముందు ఎడమకి ఒరిగే కూర్చుంటాడు.

"ఇందులో కూర్చున్నది మీరేనా అండీ?"

"క్షమించండమ్మా. అది... అది కాల్చేశారమ్మా. మీరు ఫోన్ చేసేసరికే కాల్చేశారు. మిమ్మల్ని ఏడిపించలేక..." అంటూ ఆయనే వెక్కి వెక్కి ఏడ్చాడు. పెళ్ళాం పోయినప్పుడు నలుగురి ముందు ఏడవని మనిషి.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండును.

"పోయిందని ఆ రోజే చెప్పుంటే ఏడ్చి ఊరుకునేదాన్నండీ. మీరు దొరికిందన్నారు. ఈ నాలుగు రోజులూ ఆయన ఊరెళ్ళి తిరిగొస్తున్నట్టే ఉంది నాకు. వంట కూడా ఆయనకిష్టమైనదే చేశాను. ఇవాళ ఆయన రెండోసారి పోయారండీ."

తర్వాత, "తీసేయండి," అంది.

చౌడయ్య పానా అందుకుని నాలుగు బోల్టులూ విప్పాడు. కన్నీళ్ళకి బోల్టు కనపడకపోతే ఆవిడే సెల్లు లైటు పట్టింది. కొత్త సీటు తెచ్చి పెట్టమంటారా అని అడిగితే, ఏదీ వద్దంది, ఆ చోటు అలాగే ఉండనివ్వమంది. చౌడయ్య సీటుని నెత్తినెత్తుకుని, ఎండలో నడుచుకుంటూ ఆటోనగర్ వెళ్ళిపోయాడు.