ఊమ్ గారి బుగ్గకు దణ్ణం

ఆ రోజుల్లో మాలో ఎవరమూ కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని భయపడి, నాలుగు ముక్కలు ప్రోగ్రాము రాయడం వచ్చిన ప్రతివాణ్ణీ విమానమెక్కించి సింగపూర్‌లో దింపుతున్న కాలం. దిగినవాడు దిగిన వారానికే పక్క కంపెనీ వైపు చూసేవాడు. ఏడాదిపాటు ఒకేచోట పనిచేస్తే స్నేహితులు "ఏరా, ఒంట్లో బాగుంటోందా?" అని అడిగేవాళ్ళు. అందులో నేను మరీ ఘోరం. పదహారు నెలల్లో మూడు ఉద్యోగాలు మారి, నాలుగోదాని కోసం ఫోను చెవికి అతికించుకుని తిరుగుతుండేవాణ్ణి. తిరగడమంటే నిజంగానే తిరగడం. కూర్చుని ఫోను మాట్లాడటం నాకు చేతనయ్యేది కాదు. ట్రైన్లో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడేవాణ్ణి. అన్నం కూడా వంటింట్లో నిలబడే తినేవాణ్ణి (మా అమ్మ చూసుంటే కంచం లాక్కునేది).

అప్పట్లో క్లెమెంటిలో ఒక ఫ్లాట్లో ఉండేవాళ్ళం. చిన్న గదిలో నేనూ, హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన భాయ్. పెద్ద గదిలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒకావిడ. యాభై దాటిన మనిషి, ఆఫ్రికానర్. అంటే ఎన్నో తరాల కిందట హాలెండు వైపు నుంచి ఓడలెక్కి ఆ దేశం చేరి, అక్కడే పాతుకుపోయిన తెల్లవాళ్ళ సంతతి. మేము ఆవిణ్ణి ఆంటీ అంటే తెగ సంబరపడింది. వాళ్ళలో కూడా ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళని సైతం మగవాళ్ళయితే 'ఊమ్' అనీ, ఆడవాళ్ళయితే 'టాన్నీ' అనీ పిలుస్తారట. ఆ రోజు నుంచి ఆవిడ మాకు టాన్నీ అయిపోయింది.

టాన్నీ వారమంతా పిల్లలకి డ్రాయింగు చెప్పేది. ఆదివారాలు మాత్రం ఈ ఊళ్ళో ఉన్న తన వాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి, హాల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, రంగు సుద్దలతో వాళ్ళ బొమ్మలు గీసేది. బొగ్గుల మీద మాంసం కాలుస్తున్నంతసేపూ పట్టుకారు ఇంకొకరి చేతికివ్వని పెద్దమనిషి ఒకరు. గట్టి రస్కుని కాఫీలో ఎంతసేపు ముంచాలో కోడలికి ఇంకా నేర్పుతూనే ఉన్న ముసలమ్మ ఒకరు. అందరిలోకీ నాకు నవ్వు తెప్పించింది ఓడల మరమ్మతు యార్డులో ఫోర్‌మన్‌గా చేస్తున్న ఒక ఊమ్. ఖాకీ నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు, కుడి మేజోడులో దోపుకున్న దువ్వెన! నేను పకపకా నవ్వితే టాన్నీ కోప్పడలేదు. "మా దేశంలోనూ ఆ దువ్వెన చూసి అందరూ నవ్వుతారు. నా బొమ్మ చూసినవాళ్ళు ముందు దువ్వెన చూసి నవ్వాలి. తర్వాత మొహం చూసి నవ్వు ఆపాలి. అప్పుడు నేను గీసినట్టు" అంది. ఆ మొహం కోసం ఆవిడ ఆరు ఆదివారాలు అవస్థ పడింది. ఊమ్ రాయిలా కూర్చునేవాడు, పెదవి విప్పేవాడు కాదు. ఆరో ఆదివారం ఎలాగో బొమ్మ పూర్తయింది. ఆయన ఉద్యోగ విరమణ చేసి స్వదేశానికి వెళ్ళిపోయాడు.

ఆవిడ జీవితంలో మొదటి ప్రదర్శన ఒక శనివారానికి కుదిరింది. సరిగ్గా వారం ముందు శనివారం పొద్దున్న ఏడు బొమ్మల్నీ హాల్లో నేల మీద వరసగా పరిచి, గాజు ఫ్రేములు కట్టేవాణ్ణి పిలుచుకు రావడానికి బయల్దేరింది. వరసలో మధ్యది ఊమ్ బొమ్మ. "ఇదంతా పొడి. ఫ్యాను వెయ్యకు, గట్టిగా ఊపిరి కూడా వదలకు. ఫ్రేములు పడేదాకా కాపలా నువ్వే" అని నాకు అప్పగించింది (ఊరంతా వెతికినా కాపలాకి ఇంతకన్నా పనికిరానివాడు దొరకడు).

ఆవిడ లిఫ్టెక్కిందో లేదో ఫోను మోగింది. నాలుగో ఉద్యోగం! ఆదివారం ఇంటర్వ్యూకి రమ్మంటున్నారు. నా కాళ్ళు వాటంతటవే నడక మొదలుపెట్టాయి. గోడ నుంచి సోఫాదాకా, సోఫా నుంచి గోడదాకా. మూడో విడతలో నా కాలి బొటనవేలు ఊమ్ గారి బొమ్మ అంచుకి తగిలింది. ఒట్టి తెల్ల అంచు. అక్కడితో ఆగి ఉంటే గోరంత మచ్చ కూడా పడేది కాదు. కానీ కాగితానికైనా మనిషికైనా కాలు తగిలితే ఏం చెయ్యాలో నాకు మూడో ఏటే నేర్పారు. ఇక్కడైతే కాగితం మీద మనిషే ఉన్నాడు. ఆలోచించే వ్యవధి లేకుండానే వంగాను, రెండు వేళ్ళతో కాగితం మధ్యలో తాకాను, కళ్ళకద్దుకున్నాను. ఫోన్లో మాత్రం "ఎస్ సర్, ష్యూర్ సర్" అంటూనే ఉన్నాను.

కళ్ళు తెరిచి చూస్తే ఊమ్ గారి కుడి బుగ్గ చెవిదాకా జారిపోయి ఉంది. అక్కడైనా ఊరుకున్నానా? తడి రుమాలు తెచ్చి సర్దబోయాను. బుగ్గ ముద్దయి, మెడ దాటి చొక్కాలోకి దిగింది. నిద్రలేచి వచ్చిన భాయ్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అరె, ఏం జేసినవ్ రా? బుడ్డాకు పక్షవాతం వచ్చినట్టుందిగదా!"

"కాలు తగిలింది భాయ్. దణ్ణం పెట్టాను."

"తన్నుడుతోని ఏం గాలే, మొక్కుడుతోని ఖరాబ్ జేసినవ్! ఫ్యాన్ గాలికి అయిందని చెప్పు, ఇంక నోరు మూస్కో."

నాకూ అదే నయమనిపించింది. గంట తర్వాత టాన్నీ వచ్చింది, బొమ్మ చూసింది, సంచీ కింద పెట్టింది. "ఫ్యాను గాలి..." అని మొదలుపెట్టాను. ఆవిడ బొమ్మ వైపు కాకుండా నా మొహం వైపు చూస్తోంది. "నీ కనురెప్పలకి రంగు వేసింది కూడా ఫ్యానేనా?" అంది. అద్దంలో చూసుకుంటే నా రెండు రెప్పలూ ఊమ్ గారి బుగ్గ రంగులో ఎర్రగా మెరుస్తున్నాయి.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాలు తగలడం, క్షమించమని తాకడం, కళ్ళకద్దుకోవడం. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. చివరికి, "ఇది మళ్ళీ మొదట్నుంచి గియ్యాలి. మొహం చిత్తుగీతలు నా దగ్గరున్నాయి. బొమ్మకి వేసుకున్న బట్టలు ఆయన ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. కావలసింది ఆ వెలుగులో కదలకుండా కూర్చునే ఒక మనిషి. కూర్చుంటావా?" అంది.

"రేపు ఇంటర్వ్యూ" అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఫోను ఆపేశాను.

గోదావరి జిల్లా కుర్రాణ్ణి, ఖాకీ నిక్కరు తొడుక్కుని, మోకాళ్ళదాకా మేజోళ్ళు లాక్కుని, వాటిలో దువ్వెన దోపుకుని, ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రందాకా కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత నాలుగు సాయంత్రాలు కూడా. మోకాలు దానంతటదే ఊగేది. "మోకాలు!" అనేది టాన్నీ. భుజం లేచేది. "భుజం!" అనేది. భాయ్ చుట్టూ తిరిగి చూసి, "జబర్దస్త్ ఉన్నవ్ రా! దువ్వెన జెర బయటికి గుంజు" అని సలహాలిచ్చేవాడు. అన్ని గంటలు ఒకేచోట కూర్చోవడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ప్రదర్శనకి వాళ్ళ వాళ్ళందరూ వచ్చారు. దువ్వెన చూసి నవ్వారు, మొహం చూసి నవ్వు ఆపారు. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకునేలోపే రస్కుల ముసలమ్మ తల ఒకపక్కకి వాల్చి, "ఊమ్ మొహమే. కానీ ఇప్పుడే లేచిపోయేవాడిలా కూర్చున్నాడేం?" అంది. భాయ్ వెనక్కి వెళ్ళి దాక్కున్నాను. రెండోసారి కూడా బొమ్మని నేనే పాడుచేశాను. రాత్రి టాన్నీకి అదే చెబితే, "గీస్తున్నప్పుడే తెలుసు" అని మాత్రం అంది.

నెల తిరిగాక ఊమ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. టాన్నీ ఆయనకి బొమ్మ ఫోటో పంపిందట. వంటింట్లో నిలబడి నాకు అర్థమయ్యేలా చదివి చెప్పింది. "ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ, ఇప్పుడే లేచి ఇంటికి వెళ్ళిపోదామన్నట్టే కూర్చున్నాను. నీకు కనపడకూడదని ఆరు ఆదివారాలూ బిగబట్టుకున్నాను. అయినా ఎలా పట్టుకున్నావు? ఇప్పుడు ఇంటికొచ్చాను. ఇక్కడా అలాగే కూర్చుంటున్నాను."

ఆ రోజు నేను పడీపడీ నవ్వాను. పాపం ముసలాయన అనుకున్నాను.

ఇప్పుడు ఇదే ఊళ్ళో, టాంపినీస్‌లో సొంత ఫ్లాటు, పంతొమ్మిదేళ్ళుగా ఒకటే ఉద్యోగం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి, "డాడీ వెరీ స్టెడీ లా" అని ఈ ఊరి యాసలో స్నేహితులకి చెబుతుంది. ఫోటో తీసేటప్పుడు మాత్రం మా ఆవిడ ఫోను దించి, "కాస్త వెనక్కి ఆనుకుని కూర్చోండి, ఇప్పుడు మీరెక్కడికి వెళ్ళాలని?" అంటుంది. నవ్వేసి వెనక్కి ఆనుకుంటాను. ఎక్కడికో నాకూ తెలియదు.