చుక్కలు పెట్టిన పేక

మా మావయ్యగారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం నేను కాలేజీలో పాఠం చెప్పడానికి రామచంద్రపురం బస్సులో వెళ్తుంటే పక్కింటి పిన్నిగారు ఫోను చేశారు. "మాస్టారు ఎంత లేపినా లేవట్లేదమ్మా. నువ్వు వెనక్కొచ్చెయ్యి," అన్నారు. ఆ గొంతు విన్నాక ఇంకేమీ అడగాలనిపించలేదు. దిగి, ఎదురు బస్సెక్కి కొత్తపేట చేరేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టి ఉంచారు. చూపు లేని మా అత్తయ్యగారు ఆయన పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలూ తడుముతున్నారు.

ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని గొప్పవాడని ఊళ్ళో ఎవరూ అనలేదు, ఆయనా అనుకోలేదు. ఆయన్ని తలుచుకోవాలంటే నాకు పేకముక్కల గురించే చెప్పాలి. ముక్కు విరిచేవాళ్ళుంటారని తెలుసు. నేనూ అలా ముక్కు విరిచే ఇంట్లోనే పుట్టాను. పేక అన్న మాట వినబడితే మా నాన్నగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేవారు, ఆ తరవాత గంటసేపు ఉపన్యాసం. అలాంటిదాన్ని కాపరానికొచ్చిన కొత్తలోనే, మధ్యాహ్నం భోజనాలయ్యాక మావయ్యగారు చాప పరిచి, "అమ్మాయ్, నాలుగో చెయ్యి తక్కువైంది, వచ్చి కూర్చో," అన్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "డబ్బులు కాదులేమ్మా, చింతపిక్కలు," అని అత్తయ్యగారు నవ్వారు. మూడో చెయ్యి పక్కింటి పిన్నిగారు. ఆవిడకి నోరూ ఎక్కువే, అదృష్టమూ ఎక్కువే.

రమ్మీ నాకు అత్తయ్యగారు నేర్పారు. ముక్క ఎలా పుట్టిందో మావయ్యగారు చెప్పారు. "బొమ్మ గీసినవాడు ఏదీ ఊరికే గియ్యడమ్మా," అనేవారు. పూర్వం రాజుకి ఒకటే తల, నిలువెత్తు బొమ్మ ఉండేదట. తలకిందులుగా చేతికొస్తే ఆడేవాడు తిప్పుకునేవాడు. తిప్పగానే ఇతనికి బొమ్మ పడిందని ఎదుటివాళ్ళు పసిగట్టేవారు. అందుకే రెండు వైపులా తల పెట్టారన్నారు. ముక్కలన్నీ ఒక్క చేత్తో విసనకర్రలా విప్పి పట్టుకోవడానికి మూలన అంకె వచ్చింది. వెనకవైపు ఒకప్పుడు ఉత్త తెలుపేనట. చిన్న మరక పడినా ముక్క గుర్తు దొరికిపోయేది, దొంగాట ఆడేవాళ్ళకి పండగే. ఆ మరకలు కలిసిపోవాలనే గళ్ళూ లతలూ అచ్చు వెయ్యడం మొదలుపెట్టారు. నలుగురు రాజుల్లో ఆఠీను రాజుకి మాత్రం మీసం ఉండదని కూడా ఆయన చూపిస్తేనే చూశాను.

"మీకూ లేదు కదండీ మాస్టారూ, మీ చుట్టమేనా?" అని పిన్నిగారు అడిగారు.

"ఆయ్, మా తాతగారి వైపండి," అన్నారాయన, నవ్వకుండా.

ఓసారి అందరం ద్రాక్షారామం వెళ్ళాం. దర్శనం చేసుకుని బయటికి వస్తూ ఆయన నా పక్కకి జరిగి, "ఒకప్పుడు ఇక్కడికి డచ్చివాళ్ళు బట్టల బేరానికొచ్చేవారమ్మా. వచ్చేరు, కొనుక్కున్నారు, వెళ్ళిపోయేరు. మనం ఆఠీను, కళావరు అంటాం చూడు, అవి వాళ్ళు వదిలిన మాటలే," అన్నారు. అత్తయ్యగారు విననే విన్నారు. "స్వామి ఎదరకొచ్చి కూడా పేకేనాండీ?" అన్నారు. ఆయన గుడి వైపు తిరిగి లెంపలు వేసుకున్నారు.

తరవాత అత్తయ్యగారికి కళ్ళలో నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి అన్నారు డాక్టరుగారు. ఉన్నదీ నిలబడలేదు. కొన్నాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ముక్కని ముక్కుకి ఆనించుకుని చూశారు. అదీ కుదరనప్పుడు నేను పక్కన చేరి చెవిలో చెప్పేదాన్ని. ఒకరోజు ముక్కలు చాప మీద బోర్లించేశారు.

"నువ్వు చూసి, నువ్వు చెప్తుంటే ఆడేది నువ్వేనమ్మా. నేనెందుకింక? వదిలెయ్యండి," అన్నారు.

అప్పట్నుంచి భోజనం కాగానే వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకునేవారు. నిద్రపోయేవారు కాదు. మేమూ చాప పరవడం మానేశాం.

మావయ్యగారు ఒక సూది మొన రాతి మీద అరగదీశారు. ముక్కని బోర్లా పెట్టి, చిల్లు పడకుండా, వెనకనుంచి నెమ్మదిగా నొక్కేవారు. ముందువైపు సన్నటి చుక్క తేలేది. ఇస్పేటా ఆఠీనా అన్నది మూలన చుక్కలు చెబుతాయి, అంకె ఎంతన్నది అంచున చుక్కలు చెబుతాయి. వెనకాల నొక్కులు ఆ గళ్ళలో కలిసిపోయి మా ఎవరి కంటికీ ఆనేవి కావు. "దొంగలకి భయపడి వేసిన గళ్ళు చివరికి మా ఆవిడకి పనికొచ్చేయి," అన్నారు. నలుగురం ఆడటానికి రెండు పేకలు కావాలి. ఒక్కో ముక్కా ఆయనే నొక్కారు. మెడ పట్టేసేది, లేచి వసారాలో నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చునేవారు.

మొదటిరోజు ఆట నవ్వులపాలైంది. చుక్కలు ముక్కకి ఒక వైపే పెట్టారాయన. అత్తయ్యగారు తడుముకుని, దొరక్క, ముక్కని తిప్పి మళ్ళీ తడుముకుంటున్నారు. ఏది తిప్పారో అందరికీ కనబడుతూనే ఉంది. పిన్నిగారు చెంగు నోట్లో కుక్కుకున్నారు. "రాజుకి రెండు తలలెందుకో ఊరందరికీ చెప్తారు కదండీ," అన్నారు అత్తయ్యగారు. ఆయన నెత్తి కొట్టుకుని, పేకలు పట్టుకుని, మళ్ళీ సూది ముందు కూర్చున్నారు. చాలా రోజుల తరవాత ఆవిడ పగలబడి నవ్వడం ఆ రోజే విన్నాను.

అలా ఆవిడ మళ్ళీ ఆటలోకి వచ్చారు. ముక్క పడేసేటప్పుడు ఏం పడేస్తున్నామో పైకి చెప్పాలి, అదొక్కటే మాకు కొత్త నియమం. మిగతాదంతా ఆవిడ వేళ్ళే చూసుకునేవి. ఒకసారి ఆవిడ తొందరపడి, వరస కుదరకుండానే ముక్కలు పరిచి తప్పు షో కొట్టారు. "ఫుల్ కౌంట్," అన్నారు మావయ్యగారు, అంటే పూర్తి జరిమానా. పోనీలెండి మావయ్యగారూ అన్నాను నేను. ఆయన వినిపించుకోలేదు, పిక్కలన్నీ లాగేసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోస్తూ నాతో, "ఆవిడకి చూపు పోయిందమ్మా, ఆట పోలేదు. మనం జాలిపడితే అదీ పోతుంది," అన్నారు. మర్నాడు అత్తయ్యగారు మా ముగ్గురి పిక్కలూ ఊడ్చేశారు. ఆయన మొహం చూడాలి మీరు, పెద్దపండితుడు ఓడిపోయినట్టు పెట్టారు.

చుక్కలు కలకాలం ఉండవు. కలిపి కలిపి, పంచి పంచి, అవి అణిగిపోతాయి. అణిగినప్పుడల్లా ఆయన కొత్త పేకలు తెచ్చి నొక్కేవారు. ఇప్పుడున్నవి ఆయన చేతి ఆఖరి జత.

పెద్దకర్మ అయ్యాక కొన్నాళ్ళకి పిన్నిగారే వచ్చి చాప పరిచారు. "అక్కయ్యగారూ, లేవండి," అన్నారు. అత్తయ్యగారు లేచి వచ్చారు. ముగ్గురమే కూర్చున్నాం. అంతకు ముందే నేను కొత్త పేక కొని, నొక్కి చూశాను. నా చేతిలో అన్నీ చిల్లులే. ఆవిడ ఒక ముక్క తడిమి, "ఉండనీలే అమ్మా. ఇవి ఇంకా ఆడతాయి," అని పాతవే తీయించారు. అవి ఎన్నాళ్ళో ఆడవని ఆవిడకీ తెలుసు. దాచుకుంటే చుక్కలు మిగులుతాయి, ఆడితే అరిగిపోతాయి. ఆవిడ ఆడటానికే కూర్చున్నారు.

నిన్న మధ్యాహ్నం అత్తయ్యగారు షో అన్నారు. ముక్కలు వరసగా పరిచారు. ఇస్పేటు ఐదు, ఆరు, పక్కన ఎనిమిది. ఏడు అనుకున్నారు. పిన్నిగారు నా వైపు చూశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరిపోయిందండీ అక్కయ్యగారూ," అన్నారు.

నేను ముక్కలు పోగుచెయ్యబోయాను. అత్తయ్యగారు చాప మీద తడిమి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండమ్మా. ఆ ముక్క ఇందాకట్నుంచీ నాకు అనుమానంగానే ఉంది. ఏడా, ఎనిమిదా?"

పిన్నిగారు వద్దని తలూపుతున్నారు. నేను రెండో చేత్తో ఆ ముక్క అంచు తడిమాను, ఒక చుక్క అణిగిపోయింది.

"ఎనిమిదండి అత్తయ్యగారూ," అన్నాను చివరికి.

ఆవిడ నా చెయ్యి వదలలేదు.

"ఆయన పోయేరని ఇప్పుడు తెలిసిందమ్మా నాకు," అన్నారు. తరవాత నా చెయ్యి వదిలి, "ఫుల్ కౌంట్. తీసుకోండి," అన్నారు.

తన ముందున్న చింతపిక్కలన్నీ రెండు చేతులా కూడదీసి మా వైపు తోశారు. కొన్ని చాప దాటి గచ్చు మీదకి దొర్లిపోయాయి. ఆ చప్పుడు ఆగేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం.