షీట్లక్క ఇవ్వనన్న మందు

టైలరు కుప్పకూలితే షీట్లక్క నోట్లో మాత్ర వేసి ప్రాణం పోసిందని పేటంతా చెప్పుకుంటున్నారు. ఒకరు గుండె నొక్కిందంటారు, ఇంకొకరు ఇంజెక్షన్ పొడిచిందంటారు. అంతా గాలి కబురు. ఆయన కూలనే లేదు. కూలకుండా చూడటమే ఆమె చేసిన పని. చూసేవాళ్ళకు అందులో ఏమీ కనపడదు గానీ, వింతంతా అక్కడే ఉంది.

షీట్లక్క అంటే వీధి మలుపులో మందుల షాపామె. కొత్త మందులు కావాలంటే పాత మాత్రల ఖాళీ షీట్లు తెచ్చి చూపించాలి. ఆమె రూలది, పేరూ అలాగే పడింది. పేటలో ఉన్నదంతా పని కోసం వలసొచ్చిన కుటుంబాలే. పెద్దాసుపత్రిలో మాట్లాడే భాష వేరు. అక్కడ డాక్టరు ఏం చెప్పినా తలూపి వచ్చేసి, అర్థం కానిదంతా ఈమె కౌంటరు ముందు విప్పుతారు. ఏడేళ్ళలో ఆ పేటలో యాభై దాటని మగవాళ్ళు ఆరుగురు గుండెపోటుతో పోయారు. ఆ ఆరుగురికీ మందులిచ్చిన చెయ్యి ఆమెదే. ఆ బాధ ఆమెకు తీరలేదు.

ఆ మధ్యాహ్నం టైలరు కొత్త చీటీ, మూడు ఖాళీ షీట్లు కౌంటరు మీద పెట్టాడు. బీపీ దిగడం లేదని డాక్టరు డోసు రెట్టింపు చేశాడు. షీట్లక్క చీటీ చదివి, షీట్లను వేళ్ళతో తడిమింది.

“బాబాయ్, నెల్లాళ్ళు ఇంట్లో దొర్లిన షీటు నలగదా? ఇవేంటి, ఇస్త్రీ చేసినట్టున్నాయి.”

“జాగ్రత్త మనిషిని కదమ్మా.”

“అంత జాగ్రత్త మనిషివి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని షాపంతా వెతుకుతావేం?”

టైలరు చెవి తడుముకున్నాడు. పెన్సిలు అక్కడే ఉంది.

“మింగావా, పారేశావా?” గొంతు తగ్గించి అడిగింది.

ఆయన మెడలోని కొలతల టేపు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. “మా అన్న మొదలెట్టాడమ్మా ఈ మాత్రలు. ఏడాది తిరక్కుండా పోయాడు. అందుకే అన్నీ ఒక్కసారే నొక్కి కాలవలో పోశాను. మీ పిన్నికి చెప్పకు, చంపేస్తుంది.”

“పిన్నిదాకా ఎందుకు, ఆ పని నువ్వే చేసుకుంటున్నావు. కూర్చో.”

చేతికి బీపీ మిషను పట్టీ చుట్టి చూసింది. నూట తొంభై, నూట పది. ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. లేవన్నాడు. ఆమె చీటీ పక్కకు జరిపింది.

“ఈ మందు నేనివ్వను. ఒక్క మాత్రా ఎరగని ఒంటికి రెట్టింపు పడితే బీపీ ఒక్కసారిగా దిగి, మిషను మీదే కళ్ళు తిరిగి పడతావు.”

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి వాళ్ళ భాషలో గడగడా మాట్లాడింది. సాయంత్రమే పంపమన్నారు. చిన్న డోసుతో మొదలుపెడతామన్నారు. టైలరు మొహం మాడిపోయింది.

“అబద్ధాలకోరునని చెప్పావా?”

“భయపడ్డావని చెప్పాను. మీ అన్నని మాత్ర చంపలేదు బాబాయ్. అది అందేసరికే ఆలస్యమైపోయింది.”

అంటూ స్టెతస్కోపు ఆయన చెవుల్లో పెట్టి, రెండో కొస ఆయన ఛాతీకే ఆనించింది. టైలరు తన గుండె చప్పుడు తనే విన్నాడు. ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి. సూది విరుగుతుంది, బెల్టు తెగుతుంది, కరెంటు పోతుంది. అన్నిటికీ మిషను ఆగుతుంది. ఇది మాత్రం ఆయన పుట్టకముందు నుంచీ, నూనె చుక్కైనా అడక్కుండా, కొడుతూనే ఉంది.

“ఎప్పుడూ ఆగలేదా?” మెల్లగా అడిగాడు.

“ఆగలేదు. ఇప్పుడది బరువు లాగుతోంది. కాస్త తేలిక చేద్దాం.”

నాలుగు నెలల్లో బీపీ నూట ముప్పైకి దిగింది. ఇప్పుడు చొక్కా కుట్టించుకోడానికి వెళ్ళినవాణ్ణి బీపీ ఎంతని అడక్కుండా టైలరు టేపు తియ్యడు. తెలియదంటే కొలతలు తీసుకోకుండా షీట్లక్క దగ్గరికి తరుముతున్నాడు. పేటలో సగంమంది ఆయన్ని తిట్టుకుంటూనే వెళ్ళి చూపించుకుంటున్నారు.

మీ ఇంట్లోనూ మందులు సరిగ్గా వేసుకుంటున్నానని తలూపే పెద్దమనిషి ఒకాయన ఉండే ఉంటాడు. కోప్పడకండి. ఏం భయమో అడగండి. ఈ వారంలోనే చెయ్యి పట్టుకుని దగ్గర్లో మందుల షాపుకి తీసుకెళ్ళి, ఆయనతోపాటు మీరూ బీపీ చూపించుకోండి.